పదకొండు రోజుల చీటీ

వదిన తనంతట తానే తిరిగొచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటారు. పిలిచింది నేను. అబద్ధం చెప్పి పిలిచాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు.

మాది ఆళ్లగడ్డ. నేను బి.ఇడి. చదువు కోసం రోజూ బస్సులో నంద్యాల వెళ్లొస్తాను. అన్న శిల్పాల షెడ్డులో రాళ్లకు పాలిష్ పడతాడు. పని అయ్యాక అక్కడ అందరూ కలిసి తాగుతారు. మొదట వాళ్లతో తాగేవాడు. తరువాత ఒక్కడే, పొద్దున్నే కూడా. వదిన ఓర్చుకోలేక శిరివెళ్లలో పుట్టింటికి పోయింది. ఆమె పోయాక తాగుడు ఇంకా పెరిగింది.

మా బస్సు శిరివెళ్ల మీదుగానే పోతుంది. అక్కడ ఆగినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని, మళ్లీ కూర్చునేదాన్ని.

కాలేజీ లైబ్రరీలో మెదడు గురించిన పుస్తకం ఒకటి దొరికింది. జత కట్టి బతికే ఒక రకం ఎలుకల సంగతి అందులో ఉంది. జతతో ఉన్నవాటికి మత్తుమందు అంతగా రుచించదట. తోడు ఇచ్చే హాయి, మత్తు ఇచ్చే హాయి మెదడులో దాదాపు ఒకే చోట పుడతాయట. తాగే గుంపులో పడితే ఆ తోడే తాగిస్తుందని తరువాతి పేజీలో ఉంది. ఆ పేజీ గబగబా తిప్పేశాను.

మర్నాడు శిరివెళ్లలో దిగాను. వదిన వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది.

"ఏందీ, దావ తప్పినావా?"

"అన్న మానేసినాడు వదినా. రెండు నెల్లయింది."

ఆ రోజు పొద్దున కూడా అన్న దగ్గర వాసన వచ్చింది.

వదిన నా మొహంలోకి చూసింది. "నువ్వు చెప్తాండావ్ కాబట్టి నమ్ముతాండా. ఇంకెవరు చెప్పినా నమ్మను."

ఆమె వస్తోందని తెలిసిన రోజు నుంచి అన్న నిజంగానే ముట్టలేదు. చేతులు వణికితే జ్వరమని వదినకు నేనే చెప్పాను. నాలుగు రోజులకు వణుకు తగ్గింది. అన్నం క్యారియర్ తీసుకుని వదినా నేనూ షెడ్డుకు వెళ్తే ఒకాయన నవ్వాడు. "ఏమప్పా, పెండ్లాం వచ్చినాంక రాళ్లు గూడా నున్నగా వస్తాండాయే!" అన్న సిగ్గుపడ్డాడు. నాకు మాత్రం రోజూ భయమే. గేటు చప్పుడైతే చాలు, అన్న నడక ఎలా ఉందో చూసేదాన్ని.

మా చర్చిలో కృతజ్ఞతలు చీటీ మీద రాసి కానుకల సంచిలో వేస్తే అయ్యగారు చదువుతారు. పేర్లుండవు. నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పడం నాకు చేతకాదు కనుక చీటీ రాశాను. దేవుడికి రాసేదాంట్లో అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు.

"మా అన్న తాగక నేటికి పదకొండు దినములు. ప్రభువుకు స్తోత్రం," అని చదివారు అయ్యగారు. అందరూ ఆమెన్ అన్నారు. నా పక్కన కూర్చున్న వదిన అనలేదు. నా వైపు తిరిగింది. నేను తల దించుకున్నాను. ఆమెకు అది చాలింది.

వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదని ఇంట్లో చెప్పి వదిన బయల్దేరింది. సంచి పట్టుకుని బస్టాండుకు నేను వెళ్లాను. ఇక ఆగలేక, ఎలుకల సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

"నువ్వొచ్చినాంక మానేసినాడు గదా వదినా. చూసినావ్ గదా."

"చూసినా. ఇంగ బతికినన్నాళ్లు ఆయప్ప చేతులు చూసుకుంటా కూచోవల్ల నేను. ఆ పుస్తకంలో ఆడ ఎలకను ఎవరన్నా అడిగినారా మ్మే?"

బస్సు వచ్చింది. సంచి అందుకుని ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టర్ రైట్ అన్నాక నా వైపు వంగింది.

"నిజంగా మానేసింటే ఆయప్పనే వచ్చి చెప్పమను. నువ్వు రోజూ ఆ దావనే పోతాంటావ్ గదా, శిరివెళ్లలో దిగొద్దు."