ముప్పై రెండో రోజున చేసిన ఫోను

కోరుట్లలో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు జగిత్యాలలో ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్నాను. ఇక్కడ ఎవరు ఎంత తిన్నారు, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు అని నోటుబుక్కులో గడులు గీసి రాస్తాను. ఎవరూ రాయమనలేదు. ప్రతి సోమవారం వచ్చే డాక్టరుకు "జర నీరసంగ ఉన్నది" అంటే విసుగు, అంకె చెప్తే వింటాడు. చివరి గడి మీద "ఇంటివాళ్లకు తెలిపినది" అని ఉంటుంది. తెలిపాక టిక్కు పెడతాను.

నా పక్క మంచం ఆమెది సిరిసిల్ల. వయసంతా మగ్గాలకు నూలు కండెలు చుట్టింది. ఒక్కడే కొడుకు, పవర్‌లూమ్ మీద పని. అతని తాగుడు చూడలేక ఇక్కడికి వచ్చి చేరింది. ఆ ఎండాకాలం అతను హనుమాన్ మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు మందు ముట్టకూడదు. చివరి రోజు కొండగట్టు ఆంజనేయుడి గుడిలో మాల తీయాలి. మాలలో ఉన్నవాణ్ణి కన్నతల్లి అయినా "స్వామీ" అనే పిలవాలి. సాయంత్రం అతని ఫోను రాగానే ఆమె "తిన్నవా స్వామీ?" అనేది. పెట్టేశాక నావైపు చూసి నవ్వేది.

"నా కడుపుల పుట్టినోనికి దండం పెడుతున్న టీచరమ్మా. మాల తీయనీ, కడుపునిండ కొడుకా అని పిలుస్త."

"పోయినేడు గూడ గిట్లనే అన్నవ్."

"పోయినేడు ఇరవై దినాలకే తీసి కల్లు దుకాణంల కూసున్నడు. ఈపారి కూసోడు."

మాల ఇరవై ఏడో రోజున ఆమె పాదాలు ఉబ్బాయి. కొలవడానికి నా దగ్గర టేపు లేదు. ఆమే సంచిలోంచి నూలు పోగు తీసి ఇచ్చింది. చీలమండ చుట్టూ తిప్పి, కొసలు కలిసిన చోట ముడి వేశాను. మరునాడు ఆ ముడి అందలేదు. కొంచెం ఎడంగా ఇంకోటి వేశాను. ముప్పై రెండో రోజు సోమవారానికి ఆరు ముడులయ్యాయి. ఒక్క దిండు మీద పడుకునే మనిషికి మూడు కావలసి వచ్చాయి.

డాక్టరు పోగు చూశాడు, గుండె విన్నాడు. మాత్రలు మార్చి, నన్నూ ఆశ్రమం చూసుకునే ఆవిడనూ బయటికి పిలిచాడు. "గుండె అలిసిపోయింది. కరీంనగర్ తీసుకపోవాలె. కొడుకుకు ఇయ్యాల్నే చెప్పుండ్రి" అన్నాడు. "మీరైతే ఇవరంగ చెప్తరు" అని ఆవిడ ఫోను నా చేతికిచ్చింది.

లోపలికి వెళ్తే పక్క మంచం ఆమె నా కొంగు పట్టుకుంది.

"వానికి చెప్పకు. ఉరికొస్తడు, దవాఖాన్ల తిరిగి దీక్ష తప్పుతడు. ఈడ నా పానం పోతే మైల, మాల తీసేస్తడు. తీసిండంటే మల్ల తాగుడే. ఇంక తొమ్మిది దినాలే గదా."

"డాక్టర్ ఇయ్యాల్నే చెప్పుమన్నడు."

"డాక్టర్‌కు నా కొడుకు ఎర్కనా?"

నేను లెక్క వేశాను. ముడికీ ముడికీ మధ్య ఒక వడ్లగింజంత దూరం. ఇదే తీరున పెరిగితే తొమ్మిది రోజులు గడుస్తాయి. పైగా మాత్రలు మారాయి. ఫోనులో అతనితో "కాళ్లకు జర వాపున్నది స్వామీ. మందులు మార్చిండ్రు. ఫికర్ లేదు" అన్నాను. చివరి గడిలో టిక్కు పెట్టాను. ఆ టిక్కు చూసి, కొడుకే వచ్చి కరీంనగర్ తీసుకుపోతాడనుకుని, ఆశ్రమం ఆవిడ మళ్లీ ఫోను చేయలేదు.

రెండు రోజులు వడ్లగింజ దూరమే ఉంది. ముప్పై ఆరో రోజుకు రెండు గింజలు, ముప్పై ఎనిమిదో రోజుకు నాలుగు. పెరిగేది ఎప్పుడూ ఒకే తీరున పెరుగుతుందనుకోవద్దని బడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ ఆదివారం ఫోను చేతిలోకి తీసుకున్నాను. మూడు రోజులే కదా అని చేయకుండానే పక్కన పెట్టేశాను.

సోమవారం తెల్లవారుజామున, గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఆమె పోయింది.

కొడుకు వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఒంటి మీద కాషాయం బట్టలున్నాయి, మెడలో మాల లేదు. తల్లి కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత నా నోటుబుక్కు అడిగి, వేలు పెట్టి ఒక్కో గడీ చదివాడు. డాక్టరు కరీంనగర్ తీసుకుపోవాలన్నాడని రాసి, పక్కన టిక్కు పెట్టిన చోట వేలు ఆపాడు.

"గీ దినమే గదా పెద్దమ్మా, నువ్వు నాకు ఫోన్ చేసింది."

"అవును బిడ్డా."

"ఫికర్ లేదన్నవ్."

"అన్న."

"డాక్టర్ కరీంనగర్ అని చెప్పినంకనేనా?"

"చెప్పినంకనే."

ఆమె వద్దన్నదని అతనికి చెప్పలేదు. కొంగు పట్టుకున్నది ఆమే అయినా ఫోను పట్టుకున్నది నేను. కొద్దిసేపు పేజీలు తిప్పి అతను మళ్లీ అడిగాడు.

"అవ్వ ఆఖరికి నన్ను పేరు పెట్టి గానీ, కొడుకా అని గానీ పిలిచిందా? గిండ్ల రాసినవా?"

వెతకడానికి పుస్తకం అందుకున్నాను. ఆ మాటకు గడి లేదు. ఆమె చివరి రోజు ఐదు చెంచాల జావ, రెండు గ్లాసుల నీళ్లు తాగిందని చదివి వినిపించాను. అతను తల వంచుకుని విన్నాడు.