నహూము దగ్గు

సెప్ఫోరిసు ఊరి యూదుల ప్రార్థనామందిరంలో ధర్మశాస్త్ర గ్రంథాలను పసిపిల్లల్లా మెత్తటి గుడ్డలో చుట్టిపెట్టే నహూముకు ప్రార్థనలో సరిగ్గా ఒకేచోట దగ్గొచ్చేది: "నజరేయులు నశించాలి" అన్నచోట. అందరూ ఆమెన్ అంటుంటే ఆయన దగ్గేవాడు. అక్క షెలోమీతు యేసును నమ్మిన ఆ నజరేయుల్లో చేరిందని ఊళ్ళో ఆయనొక్కడికే తెలుసు. మొన్న సంతరోజున ప్రార్థన చదివే పెద్దాయనకు జ్వరమొచ్చి, నహూమే చదవాల్సి వచ్చింది. ఆ మాట రాగానే దగ్గి, దాటేశాడు.

"ఏమయ్యా, ఆ ముక్క మింగేశావే? నువ్వూ అటేనా?" అన్నాడు తోళ్ళ యాకీము.

నహూము తల వంచుకుని ఆ మాటా చదివాడు. అందరికంటే ముందు ఆడవాళ్ళ వైపు నుంచి ఆమెన్ అన్నది షెలోమీతే.

"ఎందుకన్నావక్కా?" అని ఇంటి దగ్గర అడిగాడు.

"నిన్ను వెళ్ళగొడితే ఆ గ్రంథాల్ని చూసేదెవర్రా? కూర్చో, తిను."

ఇప్పుడు నహూముకు దగ్గు రావడం లేదు. అక్క పెట్టిన రొట్టే గొంతు దిగడం లేదు.