ఎంటర్ నొక్కేముందు

అక్క పోయిందని బుధవారం పొద్దున్నే అల్లూరు నుంచి వాళ్ళాయన ఫోన్ చేశారు. ఆర్నెల్ల జబ్బు. సాయంత్రం నాలుగింటికి భూస్థాపన అన్నారు. సరిగ్గా ఆ గంటకే నేను నెల్లూరులో సర్వర్ ముందు కూర్చోవాలి.

అక్క నాకు తోడబుట్టింది కాదు, మా ఆఫీసులో అందరికన్నా సీనియర్. నాకు పని నేర్పింది ఆమే.

ఆ పనేమిటో తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. మా సర్వర్ చూడ్డానికి బీరువా అంత పెట్టె. లోపలి ప్రాసెసర్లనీ మెమరీనీ భాగాలుగా విడగొడితే ఒక్కో భాగం విడి కంప్యూటర్‌లా నడుస్తుంది. ఆ భాగమే పార్టిషన్. ఒక్కోదాంట్లో ఒక్కో సంస్థ పని నడుస్తుంది. దాన్ని ఆపాలన్నా, లేపాలన్నా నల్లటి తెర మీద కమాండ్ కొట్టడమే. మొదట్లో నా బుర్రకెక్కకపోతే అక్క అంది: “మా ఊళ్ళో రొయ్యల గుంటలు చూసినావు గదా మే? ఒకే కాలవ నీళ్ళు, మధ్యన గట్లు. ఈ గుంటలో రోగం పక్క గుంటకి పోకూడదు. అంతే.”

అంతే అనుకునే నేను కొంప ముంచాను. గోడ మీది చార్టులో పార్టిషన్ల నంబర్లు ఒకటి నుంచి ఉండేవి. కమాండ్ మాత్రం సున్నా నుంచి లెక్కపెడుతుంది. మేం ప్రయోగాలకు వాడుకునే రెండో పార్టిషన్ ఆపమంటే, చార్టు చూసి రెండు కొట్టాను. ఆగింది మూడోది. ఒక ఆసుపత్రి ల్యాబ్ రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి.

ఫోన్లు మోగాయి. నేను కుర్చీలోంచి లేవబోయాను. అక్క ఫోనెత్తి, “తప్పు మా దగ్గర జరిగింది, లేపతా ఉండాము” అంది. నా పేరు చెప్పలేదు. అలాగని నన్ను కుర్చీలోంచి లేవనివ్వనూ లేదు.

“పడేసినావు గదా, నువ్వే లేపు. చెయ్యి వణికితే వణకనీ.”

అది లేచాక చార్టు చింపేసి, “దీన్ని రాసింది నేనే, సగం తప్పు నాది” అంటూ సున్నా నుంచి కొత్తది రాసింది. ఆ మాటకి నేను ఏడ్చేశాను.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టింది. ఆపే కమాండ్ కొట్టాక, ఎంటర్ నొక్కేముందు నంబరు పైకి చదవాలి. పక్కనున్నవాళ్ళు అది ఎవరి పార్టిషనో చెప్పాలి. ఊరికే తలాడిస్తే ఊరుకునేది కాదు. “ఊ కొడతా ఉండావే, కత చెప్తన్నామా ఇక్కడ?” అనేది.

ఆ బుధవారం ఆపాల్సింది అదే ఆసుపత్రి పార్టిషన్. దాని బోర్డు ఒకటి పాడవుతోంది, పూర్తిగా పోకముందే మార్చాలి. వాళ్ళు ఇచ్చిన సమయం మూడు నుంచి ఐదు. “వెళ్ళమ్మా, వాయిదా వేద్దాం” అన్నారు మా మేనేజరు. ఈలోపు బోర్డు పోతే? అక్క ముఖం చివరిసారి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా కదల్లేదు. నంబరు పైకి చదివాను. పక్కన కొత్తగా చేరినామె ఆసుపత్రి పేరు చెప్పింది. నొక్కాను. నాలుగూ నలభైకి పార్టిషన్ లేచింది. “రిపోర్టులు కనపడతన్నాయి మేడమ్” అని ల్యాబ్ వాళ్ళు చెప్పాకే బస్సెక్కాను.

నేను అల్లూరు చేరేసరికి జనం వెళ్ళిపోయారు. సమాధి దగ్గర అక్క భర్త ఒక్కరే ఉన్నారు. ఆలస్యానికి ఏదో చెప్పబోతే ఆపేశారు.

“నిన్న కూడా అడిగినాదమ్మా, రేపు ఆసుపత్రి పనికి ఎవురు కూర్చుంటారని. నువ్వు ఫోన్లో చెప్పినావు గదా, నువ్వేనని చెప్పినా. అయితే సరేలే అని అటు తిరిగి పడుకునింది.”

మట్టి ఇంకా తడిగానే ఉంది. గాలికి ఆరిపోయిన కొవ్వొత్తిని ఆయన మళ్ళీ వెలిగించబోతుంటే, నేను సముద్రపు గాలి వచ్చే వైపుకి జరిగి అడ్డంగా నిలబడ్డాను.