ఒంటె, గేదె, ఒక అంగుళం

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, వీధిలో ఎవరినడిగినా టేపు మాస్టారనే చెబుతారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు మరి! భోజనానికి కూర్చున్నా మెడలో టేపే, పొరుగింటివాళ్ళని పలకరించడానికి వెళ్ళినా మెడలో టేపే. దుకాణం అంటే పది అడుగుల గది. ఒక కత్తిరింపు బల్ల, రెండు మిషన్లు, మూల ఇస్త్రీ పెట్టె, గోడకి ఓ పాత క్యాలెండరు. దాని నెలలన్నీ ఎప్పుడో చిరిగిపోయాయి, బొమ్మ మాత్రం మిగిలింది. కొండ మీద నీలం సరస్సు, దాని దగ్గరికి వంకర్లు తిరుగుతూ పోయే కంకర రోడ్డు.

ఆ బొమ్మ ముందే మనుషుల్ని నిలబెట్టి కోట్లకీ ప్యాంట్లకీ కొలతలు తీసేవాడు. పొట్ట లోపలికి పీల్చుకునే పెద్దమనుషులకి ఒకటే మాట చెప్పేవాడు. "ఊపిరి బిగబట్టకండి. రేపు కోటు తొడుక్కున్నాక ఊపిరి పీల్చుకోవాలా, వద్దా?"

మనిషి మంచివాడే. కానీ గొప్పలు చెప్పుకోవడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. అన్నిటికంటే పెద్ద గొప్ప ఆయన కొలతల పుస్తకంలో మొదటి పేజీ. "ఇది మా ఆవిడది. పెళ్ళైన వారానికి రాసుకున్నాను. ముప్ఫై ఏళ్ళయింది, మళ్ళీ టేపు పెడితే ఒట్టు! ఒక్క నూలు మారలేదు. ఈ లెక్కనే కుడతాను, ఒంటికి అతికినట్టు సరిపోతుంది" అనేవాడు. ఆవిడ పక్కనే ఉంటే తలొంచుకుని కాజాలు కుట్టుకునేది. దుకాణానికి కావలసిన కాజాలూ గుండీలూ అన్నీ ఇంట్లో కూర్చుని ఆవిడే చేసిపెట్టేది లెండి.

పెళ్ళైన కొత్తలో వాళ్ళకో పాత స్కూటరుండేది. వెనక ఆవిడ కూర్చుంటే ఆయన ఊరంతా తిప్పేవాడు. "వచ్చే ఏడాది ఆ బొమ్మలో సరస్సుకి తీసుకెళ్తాను" అని అప్పుడే మాటిచ్చాడు. ఆ వచ్చే ఏడాది ముప్ఫై ఏళ్ళైనా రాలేదు. నిరుడు ఆవిడకి మోకాలు పట్టేసింది. డాక్టరు పట్టీ ఇచ్చి, రోజూ వ్యాయామం చేయమన్నాడు. అది చూసి మాస్టారు, ఇప్పుడు కాకపోతే ఇక ఈ జన్మకి ఇంతేననుకుని, దూరాలు పోయే మంచి మోటారుసైకిల్ ఒకటి కొంటానని తేల్చేశాడు. ఆవిడ వెనక కూర్చోవాలి, ఆ సరస్సు చూడాలి. అంతే ఆయన కోరిక. ఆవిడ రాకపోతే ఆ బండీ వద్దు, ఆ సరస్సూ వద్దు.

వెతగ్గా వెతగ్గా రెండు బండ్లు మిగిలాయి. ఒకటి పొడుగ్గా, తేలిగ్గా ఉంటుంది. చువ్వల చక్రాలు, కింద గుంతలూ రాళ్ళూ తగలనంత ఎత్తు. రెండోది దిట్టంగా, కాస్త కిందికి ఉంటుంది. పెద్ద ట్యాంకు, మెత్తటి సీటు, గంటల తరబడి నడిపినా చేతులు తిమ్మిరెక్కవు. ఆయన వాటి పేర్లు చెబుతుంటే ఆవిడకి నోరు తిరగలేదు. "ఎందుకండీ ఆ గొడవ? అది ఒంటె, ఇది గేదె" అని తేల్చేసింది. అప్పట్నుంచి ఇంట్లో అవే పేర్లు.

షోరూముకి బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. బావమరిది మెకానిక్కు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడు, నోరు మాత్రం ఊరుకోదు. మాస్టారు లోపల అడుగు పెట్టగానే టేపు తీసి సీటు ఎత్తు, హ్యాండిల్ వెడల్పు, వెనక కాలు పెట్టుకునే కడ్డీ నుంచి సీటు దాకా, అన్నీ కొలిచేశాడు. అమ్మేవాడు నోరెళ్ళబెట్టాడు.

"బావా, దానికి ప్యాంటు కుడతావా ఏంటి?" అన్నాడు బావమరిది.

"నోర్మూసుకుని రాయరా. కడ్డీ నుంచి సీటుకి, అంగుళాల్లో. ఒంటెకి ఇరవై నాలుగు. గేదెకి ఇరవై ఒకటిన్నర."

తర్వాత రెండూ నడిపి చూశాడు. గేదె మీద కూర్చుంటే సొంత కుర్చీలో కూర్చున్నట్టుంది. కానీ ఒంటె మీద నాలుగు మలుపులు తిరిగేసరికి ఆయనకి ఇరవై ఏళ్ళు తగ్గిపోయాయి! వెనక్కొచ్చి హెల్మెట్ తీస్తే మొహం వెలిగిపోతోంది.

"ఒంటే బావా, ఇంకో మాట లేదు," అన్నాడు బావమరిది. "చివర నలభై కిలోమీటర్లు కంకర. ఆ గేదె అక్కడ పడిందంటే ఎవరు లేపుతారు? నువ్వా, మా అక్కా?"

మాస్టారికీ ఒంటె మీదే మనసు. మరి ఆవిడ కడ్డీ మీద ఒక కాలు పెట్టి, రెండోది సీటు మీదుగా వేసి ఎక్కగలదా? దానికీ ఆయన దగ్గర లెక్క ఉంది. పుస్తకం మొదటి పేజీ తీశాడు. ఆవిడ కాలు పొడుగు ముప్ఫై ఎనిమిది. అంత కాలికి ఇరవై నాలుగు అంగుళాలు ఎంత? సులువుగా ఎక్కేస్తుందని బల్ల మీద చరిచాడు. కాలు పొడుగు చూసుకున్నాడు గానీ, ఆ కాలు ఎంత ఎత్తు లేస్తుందో చూసుకోలేదు మహానుభావుడు!

అదే ఊపులో ఆవిడకి ప్రయాణానికని దళసరి గుడ్డతో ఓ ప్యాంటు కుట్టాడు. లెక్క మొదటి పేజీదే. ఆవిడ బట్టలకి మాత్రం కుట్టు లోపల ఒక అంగుళం గుడ్డ ఎక్కువ వదలడం ఆయనకి మొదట్నుంచీ అలవాటు. బయటివాళ్ళకి అరంగుళం, ఇంటావిడకి అంగుళం. ప్యాంటు తెచ్చి చేతిలో పెడితే ఆవిడ నిమిరి చూసి, "బాగుందండీ" అని మడతపెట్టేసింది.

"వేసుకుని చూపించవూ?"

"తర్వాత చూద్దాం లెండి."

"ఆదివారం షోరూముకొచ్చి ఓసారి ఎక్కి చూడు. నీకేది బాగుంటే అదే తీసుకుందాం."

"నడిపేది మీరు. ఏదైనా పర్వాలేదు."

ఆదివారం వచ్చింది. తలనొప్పి అంది. మరో ఆదివారం వచ్చింది. కాజాలు చాలా ఉన్నాయంది. మూడో ఆదివారం ఆయన అడగనే లేదు, మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

మర్నాడు బావమరిది దుకాణానికొస్తే కడుపులో బాధంతా కక్కేశాడు. "మీ అక్కకి రావాలని లేదురా. నేనే ముప్ఫై ఏళ్ళుగా ఆ బొమ్మ చూసి పిచ్చోడిలా కలలు కంటున్నాను."

"అయితే ఇంకేం, ఒంటె తీసుకో. ఒక్కడివే వెళ్ళొచ్చేయ్. సాయంత్రం సంతకం పెట్టేద్దాం."

మాస్టారు బొమ్మకేసి చూశాడు, టేపుకేసి చూశాడు. "సరేలేరా" అన్నాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్లు ఆగాయి. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కదా, ఆ ప్యాంటు జేబులకి జిప్పులు వేయడం మిగిలిపోయిందని గుర్తొచ్చి ఇంటికి బయల్దేరాడు. ఆవిడ రాకపోయినా పని సగంలో వదలకూడదు. ఇంటికొస్తే ఆవిడ లేదు, మోకాలి వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్ళింది. ఆయనే అలమర తెరిచి ప్యాంటు బయటికి లాగాడు.

లాగి, తిరగేసి, అలాగే నిలబడిపోయాడు.

పక్క కుట్లు రెండూ విప్పి ఉన్నాయి. విప్పి, వదులు చేసి, మళ్ళీ చేత్తో కుట్టి ఉన్నాయి, ఒత్తుగా, సన్నగా. ఆ కుట్టు ఎవరిదో ఆయనకి ఒకరు చెప్పాలా? లోపల వదిలిన అంగుళం పూర్తిగా వాడేసింది. కుడి మోకాలి దగ్గర అదీ చాలక, పట్టీ పట్టేటట్టు వేరే గుడ్డ అతుకు వేసుకుంది. పెద్ద కట్టింగు మాస్టరు కూడా తప్పు పట్టలేని అతుకు.

అలమరలో మిగతావీ తీశాడు. చొక్కా. పక్కన విప్పి కుట్టింది. పోయినేడు కుట్టిన కోటు. విప్పి కుట్టింది. పదేళ్ళనాటి రవిక. అదీ విప్పి కుట్టిందే. ఒక్కటంటే ఒక్కటి ఆయన కుట్టినట్టు లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఊరందరికీ ఆ పేజీ చూపించి మీసం మెలేస్తుంటే, ఈ మనిషి నోరు మెదపకుండా ఇంట్లో కూర్చుని కుట్లు విప్పుకుంది!

ముందు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. ఆ తర్వాత చేతిలో ఉన్న ప్యాంటు కేసి మళ్ళీ చూశాడు. మోకాలి దగ్గర అతుకు. రావాలని లేని మనిషి ఆ ప్యాంటు విప్పి కుట్టుకుంటుందా? పట్టీకి చోటు చూసుకుంటుందా? ఆయన అలాగే మంచం మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ఆవిడ చెప్పులు విప్పి లోపలికొచ్చేసరికి మంచం నిండా ఆవిడ బట్టలు, మధ్యలో ఆయన.

"అయ్యో, అవెందుకు తీశారండీ?"

"నాకెందుకు చెప్పలేదే?"

ఆవిడ మంచం మీది చొక్కా తీసి మడతపెట్టింది. "చెప్తే ఆ పేజీ మానేస్తారు. ఆ పేజీ చూపించేటప్పుడు మీ మొహం చూడాలి... నాకదిష్టం. ఓ రెండు కుట్లు విప్పుకుంటే పోయేదేముంది?"

"మరి షోరూముకి ఎందుకు రానన్నావు?"

"అందరి ముందూ కాలెత్తలేక నిలబడిపోతే?" అంది, కొంగలా ఒంటికాలి మీదికి బరువు మార్చుకుంటూ. "అందుకే రోజూ వెళ్తున్నాను వ్యాయామానికి. ఇంకో నెల ఆగితే ఎత్తగలననుకున్నాను. మీకేమో ఆ ఒంటె మీదే మనసాయె."

మాస్టారు లేచాడు. మెడలోంచి టేపు తీశాడు. "గుమ్మం పట్టుకో. కాలెత్తు."

"ఇప్పుడా?"

"ఎత్తవే. ఎంత లేస్తే అంతే."

ఆవిడ గుమ్మం పట్టుకుని పళ్ళ బిగువున కాలు లేపింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నేల నుంచి ఆవిడ పాదం దాకా టేపు పట్టాడు. ఇరవై రెండు. రెండోసారి కొలిచినా ఇరవై రెండే.

"దించు. గేదెకి అరంగుళం మిగులుతుంది. అదీ చాలదు నీకు. సీటు నేనే విప్పి, లోపల స్పాంజి ఓ అంగుళం కోసి మళ్ళీ కుడతాను."

అంతలో ఫోను మోగింది. అటు బావమరిది. "బావా, ఒంటెకి సంతకం పెట్టడానికి వస్తున్నావా?"

"ఒంటె లేదు గింటె లేదు. గేదె."

"మరి కంకర రోడ్డో?"

"మెల్లగా పోతాం. పడితే ఇద్దరం కలిసి లేపుకుంటాం," అని ఫోను పెట్టేసి, కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీశాడు. భుజం రాసుకున్నాడు, చెయ్యి రాసుకున్నాడు. నడుం దగ్గరికొచ్చేసరికి ఆవిడ పొట్ట లోపలికి పీల్చి నిలబడింది.

"ఊపిరి బిగబట్టకు," అన్నాడు.

ఆవిడ ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వులో ఊపిరి వదిలేసింది. ఆయన ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు.

"ఈసారి లోపల ఎంత వదుల్తారు?" అని అడిగింది, పేజీ లోకి తొంగిచూస్తూ. "రెండంగుళాలా?"

"అందరికీ వదిలినట్టే అరంగుళం. ఏడాదికోసారి నిన్నే కొలుస్తాను."