మేడమ్ నాలుగుసార్లు బండెక్కిన ఆదివారం

పర్మనెంటు అనే మాటకు ఆ రోజుల్లో ఉన్న బరువు ఎంతని చెప్పినా ఇప్పటివాళ్లు నవ్వి ఊరుకుంటారు. తొంభైల మొదట్లో పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ట్రైనీ అంటే మనిషి కింద లెక్క కాదు. మా కర్దనూరులో ఎదురైన వాళ్లందరూ "మంచిగున్నవా" అనడం మానేసి "అయిందా?" అని అడిగేవారు. కాలేదని చెప్పి చెప్పి, చివరికి ఊళ్లోకి దొడ్డిదారిన రావడం అలవాటు చేసుకున్నాను. నేను మెయింటెనెన్సు ట్రైనీని. డబ్బాలు మోసే కన్వేయర్ల చైన్లు సడలితే బిగించడం నా పని. ఏడాదిన్నరగా అదే చేసి చేసి, లోకంలో సడలినదేదైనా సరే గట్టిగా బిగిస్తే బాగుపడుతుందని తేల్చుకున్నాను. (ఆ వయసులో ప్రతివాడూ ఏదో ఒకటి తేల్చుకుంటాడు. నేను స్పానర్ పట్టుకుని తేల్చుకున్నాను, అంతే తేడా.)

నా పర్మనెంటు సంగతి స్కేలు సారు చేతిలో ఉండేది. ఆయన మా సూపర్‌వైజరు. ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి పటాన్‌చెరులో కాపురం పెట్టిన మనిషి. చొక్కా జేబులో పెన్ను లేకపోయినా ఆరంగుళాల స్టీలు స్కేలు మాత్రం ఉండేది. కొలవనిదే ఏదీ నమ్మేవారు కాదు. క్యాంటీన్‌లో గారెను కూడా కొలిచారని చెప్పుకునేవారు. (నేను కళ్లారా చూడలేదు కానీ, వెంటనే నమ్మాను.) సోమవారం ఆయన నా రిపోర్టు రాసి మేనేజరు గారికి పంపాలి. సరిగ్గా దానికి రెండు రోజుల ముందు, శనివారం షిఫ్టు దిగాక, గేటు దగ్గర ఆయన మోటారు సైకిలు టపటపమని కొట్టుకుంటూ ఆగింది. సారు ముఖం చిట్లించి, "ఏమిటోయ్ ఈ చప్పుడు? రేపు మా ఆవిడని తీసుకుని రుద్రారం గుడికి వెళ్లాలి" అన్నారు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాను.

"నేను జూస్త సార్" అని బండికి స్టాండు వేసి కూర్చున్నాను. చైను కవరు రబ్బరు తీసి, కింద వేలు పెట్టి ఎత్తితే చైను రెండంగుళాలు లేచి కవరుకు తగిలింది. చప్పుడు అక్కడిదే. ఇంతవరకు నా వైద్యం నూటికి నూరుపాళ్లు సరైనదని మనవి చేసుకుంటున్నాను. తర్వాతే దేవుడు నన్ను వదిలేశాడు. వెనక చక్రం నట్టు వదులు చేసి, రెండు పక్కలా ఉండే బిగింపు నట్లను తిప్పి, చక్రాన్ని వెనక్కి లాగి, మా కన్వేయరుకు బిగించినట్టే బిగించాను. వేలితో మీటితే టంగుమంది. సారు స్కేలు తీయబోయారు. "అక్కెర లేదు సార్, నా చెయ్యే కొలత" అన్నాను. ఈ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొచ్చి, ఒంటరిగా ఉన్నా సరే సిగ్గు పడుతుంటాను. సారు బక్కపలచని మనిషి. ఒక్కరే ఎక్కి వెళ్లినప్పుడు బండి కిక్కురుమనలేదు. నేను సగం పర్మనెంటు అయిపోయినట్టే ఇంటికి వెళ్లాను.

మిగిలిన సగం దేవుడికి అప్పజెబుదామని ఆదివారం పొద్దున కొబ్బరికాయ పట్టుకుని రుద్రారం బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని రాబోయే మంచి రోజుల గురించి ఆలోచిస్తుంటే, ముంబై రోడ్డు పక్కన ఒక పెద్దమనిషి మోటారు సైకిలు తోసుకుంటూ పోవడం కనిపించింది. ఆయన వెనక పట్టుచీరలో, చేతిలో పూల బుట్టతో ఒక ఆవిడ నడుస్తోంది. స్కేలు సారు, మేడమ్! దాచడం ఎందుకు, చటుక్కున వంగి చెప్పు సరిచేసుకుంటున్నట్టు తల దించేశాను. బస్సు వాళ్లను దాటిపోయింది. దాటిపోయాక చేతిలో కొబ్బరికాయ చూసుకుంటే, దీన్ని ఏ ముఖంతో కొడతానురా అనిపించింది. "ఆపండ్రి, దిగుత!" అని అరిచాను. కండక్టరు నన్ను నానా మాటలూ అన్నాడు. అన్నీ నాకు తగినవే.

వెనక్కి పరుగెత్తి వెళ్లేసరికి సారు చెమటలు కక్కుతున్నారు. "విచిత్రంగా ఉందోయ్. ఇద్దరం ఎక్కితే మూలుగుతుంది, కదలనంటుంది. దిగి చూస్తే చైను బాగానే ఉంది. ఇంజనేమో అనుకుంటున్నా" అన్నారు. చైను ముట్టుకున్నాను, చురుక్కుమంది. బండి దిగితే బాగుంటుంది, ఎక్కితే బిగుస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది మా నాయిన నులక మంచం. కాళ్లవైపు తాడు ముడి వేసే ముందు ప్రతిసారీ నన్ను మంచమ్మీద పడుకోబెట్టేవాడు. "మంచం బిగువు మనిషి పండుకుంటెనే తెలుస్తది బిడ్డా" అనేవాడు. కన్వేయరుకు రెండు చివరలూ కదలవు. బండికి అలా కాదు, మనిషి ఎక్కితే సీటు దిగుతుంది, చక్రం జరుగుతుంది, చైను బిగుస్తుంది. ఇంత చదువు మా నాయిన మంచం మీదే పడుకుని ఉంటే, నేను ఐటీఐలో వెతికాను.

"తప్పు నాదే సార్. ఖాళీ బండికి జూసి బిగించిన. మనుషులు ఎక్కుతరన్న సోయి లేకపాయె" అన్నాను. బండి టూల్ కిట్టులోని స్పానర్లతో చైను కొంచెం వదులు చేసి, ఇక తప్పదని మేడమ్ వైపు తిరిగాను. "మేడమ్, మీరు జెర ఎక్కి కూసోండ్రి. సార్, మీరు గూడ." ఇద్దరూ ఎక్కారు. చైను ఇంకా బిగువే. "ఇగ దిగుండ్రి." వదులు చేశాను. "ఎక్కుండ్రి." ఇప్పుడు మరీ వదులైంది. "దిగుండ్రి." మూడోసారికి దారిన పోయే బస్సుల్లో జనం లేచి నిలబడి చూడడం మొదలుపెట్టారు. మేడమ్ పూల బుట్ట ఒళ్లో సర్దుకుని, "ఏవండీ, గుడి చుట్టూ ప్రదక్షిణలు ఇక్కడే అయిపోయేట్టున్నాయి" అన్నారు. నాలుగోసారి ఆవిడ కూర్చున్నాక సారు సీటు మీద నుంచే వంగి స్కేలు నా చేతికిచ్చారు. చైను కింద పెట్టి చూశాను. మధ్యలో ఎత్తితే ఇరవై మిల్లీమీటర్లు ఆడింది, సరిగ్గా ఉండాల్సినంత. చక్రం వంకర పోకుండా ఇరుసు దగ్గర రెండు పక్కలా ఉండే గుర్తు గీతలు సరిచూసి, నట్టు బిగించాను. బండి మూలగకుండా కదిలింది. నేను మిగిలిన దూరం నడిచాను. గుడి మెట్ల దగ్గర మేడమ్ నాకోసం ఆగి ఉన్నారు. "నీ కాయ కూడా కొట్టించుకో బాబూ, మొహం అలా పెట్టకు" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సోమవారం పొద్దున నన్ను పిలిపించారు. సారు స్కేలు టేబులు మీద అడ్డంగా పెట్టారు. "నిన్న బస్సులో నువ్వు తల దించడం చూశానోయ్" అన్నారు. భూమి తెరుచుకుంటే దూకేద్దామనిపించింది. "తర్వాత దిగి పరుగెత్తుకు రావడం కూడా చూశాను. రిపోర్టులో రెండోదే రాశాను." నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. ఆ రోజు ఊళ్లోకి పెద్ద దారినే, కావాలని కాస్త నెమ్మదిగా నడిచి వెళ్లాను. "అయిందా?" అని అడిగేవాళ్లు ఆ పూట ఒక్కరూ ఎదురుపడలేదు. నేనే ఇళ్లకు వెళ్లి చెప్పి వచ్చాను.

సారు రిటైరై వెళ్లిపోతూ ఆ స్కేలు నాకిచ్చారు. అంకెలు సగం చెరిగిపోయాయి, అయినా నా జేబులోనే ఉంటుంది. ఇప్పటికీ నా బండి చైను నేనే చూసుకుంటాను. చూసిన ప్రతిసారీ మా ఆవిడను కేకేస్తాను, ఒక్కసారి ఎక్కి కూర్చోమని. మొన్నా అంతే. మూడుసార్లు ఎక్కింది, దిగింది. నాలుగోసారి పిలిచేసరికి నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఇంకెన్నిసార్లు ఎక్కాలయ్యా? నీ నౌకరి ఎన్నడో పర్మనెంటయింది గదా!" అంది. నిజమే. కానీ బస్సులో తల దించిన ఆ పిల్లగాడికి ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు. వాడి కోసమే నాలుగోసారి కూడా కూర్చోబెట్టి, స్కేలు తీశాను.