శాంతాబాయి పేరు మీద షేర్లు

శాంతాబాయి చెంపలు రోజూ సాయంత్రం నాలుగింటికల్లా ఎర్రబడేవి. పెళ్లయిన పదకొండేళ్లకు నా భార్యకు కొత్త అందం వచ్చిందని ఆటపట్టించాను. అది జ్వరమని తెలుసుకునే తెలివి నాకు లేకపోయింది. 1951 ఎండాకాలంలో ఒక ఉదయం, నాంపల్లిలో మా కిరాయి ఇంటి మోరీ దగ్గర ఎర్రటి ఉమ్ము కనిపించింది.

"పొద్దుగాల్నే పాన్ ఏసుకున్నవా ఏంది?" అన్నాను.

"నేనెన్నడు పాన్ తిన్ననండీ?" అంది.

ఆ రోజే అబిడ్స్‌కు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాను. టీబీ దవాఖాన డాక్టరు గారు ఫిల్మును కిటికీ వెలుగులో పెట్టి చూశారు.

"కుడి లంగ్‌ల క్యావిటీ, అంటే బొక్క, ఉన్నది. స్పుటం పాజిటివ్, అంటే తెమడల టీబీ పురుగులున్నయి. స్ట్రెప్టోమైసిన్ మొదలువెడదాం. ఒక్కటి యాదిల పెట్టుకోండ్రి, సూదులు మధ్యల ఆపొద్దు. ఆపితే రెసిస్టెన్స్ వస్తది, మల్ల ఆ మందు పనిచెయ్యదు."

దవాఖానలో చేర్చాను. మంచం వాళ్లదే. సూదిమందు మాత్రం అబిడ్స్‌లో మేమే కొని తేవాలి. అది మా తాహతుకు మించిన ఖరీదు. అయినా నేను బెదరలేదు, ఎందుకంటే మా దగ్గర షేర్లున్నాయి.

వాటి సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడాది నర్సింగరావు అనే షేర్ల ఏజెంటు మా సర్కారు ఆఫీసుకు వచ్చాడు. కొత్తగా పెడుతున్న మందుల కంపెనీలో షేర్లు కొనమన్నాడు. "లోకంల రోగాలున్నన్ని దినాలు మందుల కంపెనీకి ఢోకా లేదు సాబ్" అన్నాడు. నాకు నచ్చింది. కూడబెట్టినదంతా పెట్టాను. శాంతాబాయి పేరు మీద ఏది కొన్నా కలిసొస్తుందని మా ఇంట్లో నమ్మకం, అందుకని ఆమె పేరే రాయించాను.

ఆఫీసులో ఉర్దూ పోయి ఇంగ్లీషు వస్తున్న రోజులవి. గుమాస్తాలమంతా చిత్తుకాగితాల మీద ఇంగ్లీషు సంతకాలు సాధన చేసేవాళ్లం. ఆ ఊపులో ఫారం మీద శాంతాబాయి సంతకం కూడా నేనే, ఇంగ్లీషులో, వంకీలు తిప్పి పెట్టేశాను. ఆమెకు తెలుగు తప్ప రాదు. "కానియ్యండ్రి, ఎవరు చూస్తరు?" అన్నాడు నర్సింగరావు, చాయ్ తాగుతూ.

దవాఖానలో చేర్చిన రెండో నెలలో చేతిలో డబ్బు అయిపోయింది. షేర్లు అమ్మకానికి పెట్టాను. కొనేవాడు దొరికాడు. అమ్మకం కాగితం మీద శాంతాబాయి సంతకం మళ్లీ నేనే పెట్టి పంపాను. సంతకం కలవలేదని కంపెనీ తిప్పి పంపింది. నా దొంగ సంతకం నాకే రాలేదు. ఈసారి దవాఖాన డాక్టరు ఎదుట ఆమే సంతకం పెట్టాలని, అది పాతదానితో కలవాలని రాశారు.

అప్పటికే సూదులు ఆగిపోయాయి.

నిజం చెబితే నౌకరీ పోతుందని భయపడ్డాను. అందుకని నా భార్యకు నా దొంగ సంతకం నేర్పడం మొదలుపెట్టాను. నీళ్ల గ్లాసు కూడా ఎత్తకూడదని డాక్టరు చెప్పిన మనిషి పలక మీద ఇంగ్లీషు అక్షరాలు దిద్దింది. పాత సంతకం నమూనా నా దగ్గర లేదు. గుర్తున్నట్టు గీసి చూపించేవాణ్ణి, రోజుకొక రకంగా వచ్చేది. పలక పక్కన పెట్టి ఒకసారి మెల్లగా అంది: "నా పేరు మీద కొన్నరు గని, నన్నొక్క మాట అడగకపోతిరి." కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి.

పదో రోజు దిద్దుతూ ఉండగానే రక్తం కక్కుకుంది. డాక్టరు గారు పలక చూసి మండిపడ్డారు. "పండుకోవెట్టుమంటే ఈడ బడి పెట్టిన్రా?" అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన కాసేపు తిట్టి, ఆమె వేలిముద్ర వేయించి, తానే సాక్షిగా కంపెనీకి ఉత్తరం రాశారు. మొదటి రోజే చెప్పి ఉంటే మొదటి రోజే రాసేవారు. నౌకరీ కూడా పోలేదు.

డబ్బు చేతికొచ్చేసరికి సూదులు ఆగి నలభై రోజులు దాటింది. మళ్లీ మొదలుపెట్టారు. నెల తర్వాత కూడా స్పుటం పాజిటివే. "రెసిస్టెన్స్ వచ్చింది. ఇప్పుడు ఈ మందు ఈమెకు నీళ్ల తీరు" అన్నారు డాక్టరు గారు. మందు కొనే డబ్బు జేబులో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. ఇక లోపలి పుండు మానాలంటే లంగ్‌కు కదలిక ఉండకూడదని, పక్కటెముకల మధ్య పెద్ద సూదితో గాలి ఎక్కించి లంగ్‌ను అణిచిపెట్టారు. వారానికోసారి రీఫిల్, అంటే మళ్లీ సూది, మళ్లీ గాలి. గది బయట నిలబడి ఆమె మూలుగు వినేవాణ్ణి, వెళ్లిపోవాలనిపించేది, వెళ్లలేకపోయేవాణ్ణి. ఆ తర్వాతి ఏడాది టీబీకి కొత్త గోళీలు వచ్చాయి. వాటితో స్పుటం నెగెటివ్ అయింది. కుడి లంగ్ మాత్రం మళ్లీ విచ్చుకోలేదు.

ఇప్పుడు 1956. శాంతాబాయి పీట మీద కూర్చుని వంట చేస్తుంది. బిందె ఎత్తలేదు, మెట్లు ఎక్కలేదు.

ఇది చదివే రోగుల ఇంటివాళ్లకు ఒక్కటే చెబుతాను. మొదటి సూది వేయించే ముందే, చివరి సూది దాకా సరిపడే డబ్బు అడిగిన రోజున చేతికొచ్చే చోట పెట్టుకోండి. షేర్లుంటే అప్పుడే, రోగి ఇంకా నడిచి వెళ్లి సంతకం పెట్టగలిగినప్పుడే అమ్మేయండి.

మొన్న లక్డీకాపూల్ దగ్గర నర్సింగరావు ఎదురయ్యాడు. ఆ కంపెనీ షేర్లు ఇప్పుడు మూడింతలయ్యాయట. ఇంటికొచ్చి శాంతాబాయికి చెప్పాను. ఫక్కున నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆయాసం వచ్చింది. ఆమె ఊపిరి కుదురుకునేదాకా వీపు నిమురుతూ నిలబడ్డాను. అంతకుమించి నా చేత ఏమీ కాలేదు.