వారంటీ అయిపోయిన రివాల్వర్

డల్లాస్ బస్ స్టేషన్‌లో నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పక్క సీటాయన పలకరించాడు. యాభై ఏళ్లుంటాయి. రిపేర్‌కిచ్చిన రివాల్వర్ తెచ్చుకోడానికి పక్క ఊరు వెళ్తున్నాడట.

"చవగ్గా వస్తోందని కొన్నానండీ. వారంటీ అయిపోయిన పదకొండో రోజే మొరాయించింది. ఎవడో వెనక గేటు తీసుకుని లోపలికొచ్చాడు. రెండుసార్లు నొక్కాను. టిక్కుమంది తప్ప పేలలేదు." చూపుడువేలు రెండుసార్లు మడిచి చూపించాడు.

"దొంగా?" అన్నాను.

"కాదు, పార్సెల్ తెచ్చినవాడు. ముందు తలుపు దగ్గర పెట్టక వెనకవైపు నుంచి వచ్చాడు. నన్ను చూడను కూడా లేదు, పెట్టె పెట్టేసి పోయాడు. అది కాదండీ, లోపల స్ప్రింగ్ వీకట. ఫ్రీగా మార్చమంటే కంపెనీవాడు కుదరదన్నాడు చూడండి!"

ఆయన మొహంలో కంపెనీ మీద కోపం తప్ప ఇంకేమీ లేదు. నేను లేచి వెళ్లిపోవాల్సింది. కానీ ఆయన నా మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఈ రిపేర్ చేసేవాడన్నా సరిగ్గా చేస్తాడాండీ?" అని అడిగాను.

"పేరున్నవాడేనండీ," అన్నాడు సంతోషంగా.

ఆయన గురించి తర్వాత చాలామందికి అసహ్యంగా చెప్పాను. నేనడిగిన ఆ ప్రశ్న మాత్రం ఎవరికీ చెప్పలేదు.